కణుపు దాటని ఉంగరం: ఒక పెళ్లి ఆర్డరు కథ

రెండు ఉంగరాలు, రెండూ కలిపి పన్నెండు గ్రాముల లోపే. వడ్డాణాలూ హారాలూ చేసిన చేతికి ఇదో పనే కాదు. అయినా కూర్చుని రాస్తున్నానంటే కారణం ఒకటే. ఈ ఆర్డరులో దాదాపు అన్నీ జాగ్రత్తగా ఆలోచించి చేసి, పని నేర్చుకునే కుర్రాడు కూడా చేయని ఒక పొరపాటు చేశాను. పెళ్లికి ఆరు రోజుల ముందు ఉంగరం పెళ్లికూతురి వేలికి పట్టేసింది. ఆ కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. వాళ్ల పేర్లు మాత్రం రాయడం లేదు.

మాది తెనాలి. మా తాత కాలం నుంచీ ఈ బంగారం పనే. 2024 సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక ఉదయం పదకొండు గంటలకు నలుగురు వచ్చారు: అమ్మాయి, అబ్బాయి, అమ్మాయి తల్లి, అబ్బాయి వాళ్ల నాయనమ్మ. క్రైస్తవ కుటుంబాలు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమ దినాల్లో పెళ్లి పెట్టుకోరు కాబట్టి, ఆ ఏడాది మార్చి 31న ఈస్టర్ వెళ్లాక ఏప్రిల్ 10 బుధవారం అనుకున్నారు. నాకు దాదాపు మూడు నెలల టైముంది. ఆ ధీమానే కొంప ముంచింది, అది తర్వాత చెబుతాను.

మా హిందువుల ఇళ్లలో ఉంగరం ఎక్కువగా నిశ్చితార్థం నాటి వస్తువు. ఆ రోజు తొడిగి ఫొటో దిగుతారు, వదులైతే అడుగున దారం చుట్టుకుంటారు, తర్వాత బీరువాలో పెట్టేస్తారు. రోజూ ఒంటి మీద ఉండేవి పుస్తెలూ మెట్టెలూ. చర్చి పెళ్లిలో అలా కాదు. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇస్తారు, ఇద్దరూ అందరి ముందూ ఒకరికొకరు తొడగాలి. కణుపు దగ్గర ఆగిందంటే మొదటి వరసలో కూర్చున్న మేనత్తలందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత అది జీవితాంతం వేలికి ఉండాల్సిన వస్తువు కూడా.

అమ్మాయి ఫోనులో ఒక ఫొటో చూపించింది. రోజ్ గోల్డ్ ఉంగరం, నాలుగు కాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టిన 30 సెంట్ల వజ్రం. తల్లి చేతిలో ఒక పెద్ద షోరూము ఎస్టిమేటు చీటీ ఉంది. అబ్బాయి ఏమీ చూపించలేదు, "నాకు ఏదైనా ఫర్వాలేదండీ" అన్నాడు. నాయనమ్మ మాత్రం చీర కొంగు ముడి విప్పి, అరిగిపోయిన వంకీ ఉంగరం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

నేను డిజైన్ల జోలికి పోకుండా ఇద్దర్నీ ఒకే మాట అడిగాను: రోజంతా చేతులతో ఏం చేస్తారు?

అమ్మాయి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు. షిఫ్టుకు పాతిక, ముప్ఫై సార్లు గ్లౌజులు మారుస్తుంది. అబ్బాయి సబ్‌స్టేషన్లలో మెయింటెనెన్స్ చేసే కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్. ఈ రెండు జవాబులతో ఫొటోలోని ఉంగరం నా లెక్కలో కొట్టుకుపోయింది. ఎత్తు కాళ్ల ఉంగరం గ్లౌజును చింపుతుంది. చింపకపోయినా, ఆ కాళ్ల సందుల్లో సబ్బూ మురికీ చేరితే పళ్లు తోముకునే బ్రష్షు పెట్టి రుద్దాలి. చేతుల శుభ్రత మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు రోగి దగ్గర పనిచేసేటప్పుడు ఉంగరాలే వద్దంటాయి. మతం, ఆచారం వల్ల తప్పదనుకుంటే మామూలు వార్డు పనికి నున్నటి పెళ్లి ఉంగరం ఒక్కటి ఉండొచ్చని, ఆపరేషన్ థియేటరులో అదీ తీసేయాలని. ఇది నాకు ముందు నుంచీ తెలిసిన సంగతి కాదు. కొన్నేళ్ల కిందట ఇంకో నర్సమ్మ చెబితే తెలిసింది.

"మీ ఆసుపత్రిలో ఏమంటారో ముందు కనుక్కో అమ్మా, తర్వాత డిజైను చూద్దాం" అని పంపేశాను. అయితే పంపే ముందు వేళ్ల కొలతలు తీసి చీటీ మీద రాసుకున్నాను. అమ్మాయిది 12, అబ్బాయిది 22.

తల్లి తెచ్చిన ఎస్టిమేటు గురించి ఇక్కడే చెప్పాలి. షాపు పేరు అనవసరం. రాయి లేని సాదా పట్టీ ఉంగరానికి 18 శాతం తరుగు, అంటే పనిలో రాలిపోయే బంగారం లెక్క, వేశారు. అబ్బాయికి అనుకున్న ఉంగరం 7.6 గ్రాములు. దాని మీద 18 శాతం అంటే 1.368 గ్రాములు, ఆనాటి రేటులో దాదాపు 7,900 రూపాయలు. నకాషీ పనిలో, గుండ్ల పనిలో ఆకురాయి కింద బంగారం రాలుతుంది, తరుగు ఉంటుంది, ఒప్పుకుంటాను. మిషను మీద గొట్టంలా తీసి ముక్కలుగా కోసే పట్టీకి ఒకటింపావు గ్రాము పైన ఎక్కడ రాలిందో నాకైతే తెలియదు. అది తరుగు పేరుతో తీసుకునే లాభం. లాభం తీసుకోవడం తప్పు కాదు, దాన్ని లాభమనో మజూరీ అనో చెబితే బేరం ఆడేవాళ్లు ఆడతారు.

అదే చీటీలో వజ్రపు ఉంగరం బరువు 3.450 గ్రాములని ఉంది, బంగారం ధర మొత్తం దాని మీదే కట్టారు. రాళ్ల తూకంలో క్యారెట్టు అంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరో వంతు సెంటు, 30 సెంట్లంటే 60 మిల్లీగ్రాములు. అంటే రాయికి రాయి ధర వేసి, మళ్లీ దాని బరువుకు బంగారం ధర కూడా వేశారన్నమాట. డబ్బు రూపంలో మూడు వందల లోపే. కానీ చీటీలో స్థూల బరువు, నికర బరువు అని రెండు గళ్లు లేకపోతే నేను ఆ చీటీ పక్కన పెట్టేస్తాను. కెంపులూ పచ్చలూ పొదిగిన నగ దగ్గర ఇదే లెక్క వేలల్లోకి పోతుంది.

వారం తర్వాత అమ్మాయి ఫోను చేసింది. ఇన్ఫెక్షన్ కంట్రోలు చూసే సిస్టరు సాదా పట్టీ అయితే సరే అన్నారట, రాయి అసలు వద్దన్నారట. నేను అప్పటికి పట్టీలోకే దింపి ఉపరితలానికి సమంగా బిగించిన చిన్న రాయి అనుకుంటున్నా. అదీ పోయింది.

"మరి రాయి మానేద్దామా అమ్మా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంకుల్, రాయి లోపల పెట్టొచ్చా? చర్మం వైపు?" అంది.

పెట్టొచ్చు. పట్టీ మందం 1.8 మిల్లీమీటర్లు ఉంటే రెండు సెంట్ల రాయి, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు దాటిన వెడల్పున్నది, లోపలి వైపు గుంట తీసి దింపొచ్చు. పై నుంచి చూస్తే ఉత్త బంగారు పట్టీ. తల్లికి ఈ మాట అస్సలు నచ్చలేదు. "లోపలుంటే ఎవరు చూస్తారే?" అంది స్పీకరులో. "నాకు తెలుసు కదమ్మా" అంది కూతురు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

అబ్బాయి మధ్యలో ల్యాబులో తయారుచేసే వజ్రం గురించి అడిగాడు, నకిలీయేనా అని. నకిలీ కాదు. అదీ కర్బనమే, అదే స్ఫటికం. మా దగ్గరుండే వేడి చూసే టెస్టరుకు రెండూ ఒకటే, తేడా పట్టాలంటే ల్యాబు పరికరాలు కావాలి. తేడా అంతా కొనే ధరలోనూ, మళ్లీ అమ్మబోయినప్పుడూ. రెండు సెంట్ల రాయికి ఆ ఆలోచన దండగ అని గని వజ్రమే వేశాను.

ఇక క్యారెట్ల గొడవ, రాయి బరువువి కావు, బంగారం స్వచ్ఛతవి. అమ్మాయి ఉంగరం 18 క్యారెట్లలో చేస్తానన్నాను. తల్లి ముఖం మాడింది. మన వైపు 22 కాకపోతే బంగారమే కాదన్నట్టు చూస్తారు. నా కారణం ఇది: 22 క్యారెట్లలో నూటికి 91.6 పాళ్లు బంగారం, అది మెత్తన. రోజుకు ముప్ఫై గ్లౌజుల రాపిడి, బెడ్డు రెయిలింగు పట్టుకుని లాగడం, ఆక్సిజన్ సిలిండరు మీటలు, వీటికి మూడు మిల్లీమీటర్ల సన్న పట్టీ రెండేళ్లలో గుండ్రంగా ఉండదు. 75 పాళ్ల బంగారంలో రాగి, వెండి ఎక్కువ పడి గట్టిదనం వస్తుంది. డబ్బు పోతుందన్న భయానికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ రోజు 22 క్యారెట్ల గ్రాము 5,800 దగ్గర ఉంది. 18 క్యారెట్లది ఆ నిష్పత్తిలో 4,750. 75 పాళ్లకే డబ్బిస్తున్నప్పుడు 75 పాళ్ల బంగారమే వస్తుంది, నష్టమేముంది? 18 క్యారెట్ల నగకు 22 క్యారెట్ల రేటు వేస్తే అప్పుడు గొడవ పెట్టుకోవాలి. ఆసుపత్రిలో వాడే బ్లీచింగు ద్రావణం మాత్రం తక్కువ క్యారెట్ల బంగారాన్ని ఎక్కువ బాధిస్తుంది. అందుకని ఆ పని ముందు ఉంగరం తీయమని అమ్మాయికి విడిగా చెప్పాను.

అబ్బాయిది 22 క్యారెట్లే. ఎందుకంటే అతను దాన్ని డ్యూటీలో పెట్టుకోకూడదు. బంగారం కరెంటును బాగా పారనిస్తుంది. బ్యాటరీ టెర్మినల్సు మధ్య ఉంగరం అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలి వేలి చుట్టూ చర్మం ఊడిపోతుంది. నాయనమ్మకు ఇది మింగుడు పడలేదు. "పెళ్లి ఉంగరం తీస్తే ఎట్టా నాయనా, అశుభం కాదూ?" అంది. అబ్బాయి నెమ్మదిగా, "వేలు పోతే ఉంగరం ఎక్కడ పెట్టుకోను నాయనమ్మా" అన్నాడు. డ్యూటీకి కావాలంటే సిలికాన్ ఉంగరం దొరుకుతుంది, లాగితే తెగిపోతుంది, కరెంటు పారదు. మెడలో గొలుసుకు వేసుకుంటానంటే దానికీ వద్దన్నాను, గొలుసూ లోహమే కదా.

నాయనమ్మ ఉంగరం సంగతికొస్తే, తూకంలో 5.640 గ్రాములు వచ్చింది. స్వచ్ఛత చెప్పే ముద్ర లేదు. ఆమె పెళ్లినాటికి హాల్‌మార్కు అనే మాటే లేదు, మన దేశంలో అది 2000లో మొదలైంది. స్వచ్ఛత చూసే మిషను మీద పెడితే ముఖం వైపు 87 శాతం చూపించింది, అతుకు దగ్గర 79. పాత నగల్లో ఇది మామూలే, టంకంలో బంగారం పాలు తక్కువ. పై ముఖాన్ని ఒక్క చోట చూసి ధర కట్టడం కొనేవాడికి నష్టం, అతుకు చూసి కట్టడం అమ్మేవాడికి నష్టం. కరిగించి చూడటమే న్యాయం.

కరిగించేటప్పుడు ఎదురుగా కూర్చోమని నేను ఎవరికైనా చెబుతాను. చాలామంది టీ తాగొస్తామని వెళ్లిపోతారు. ఈమె వెళ్లలేదు. స్టూలు లాక్కుని మూసకు రెండడుగుల దూరంలో కూర్చుంది. వెలిగారం చల్లి మంట తగిలించాను. వంకీ మొన ముందు మెత్తబడి ముందుకు వాలింది, తర్వాత మిగతా చుట్టు కూలిపోయి గుండ్రటి బొట్టయింది. బొట్టు మీద మురికి పొర ఒకటి తేలి, పక్కకు జరిగి, అడుగున అద్దంలా మెరిసింది. "అయిపోయిందా?" అంది. అయిపోయిందమ్మా అన్నాను. యాభై ఏళ్లు వేలికున్న వస్తువు కరగడానికి ముప్పావు నిమిషం కూడా పట్టలేదు. ఆమె కళ్లు తుడుచుకోలేదు గానీ, ఆ బొట్టు చల్లారేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

చల్లారాక 5.560 గ్రాములు, పరీక్షలో 84.5. అంటే మేలిమి, ఏమీ కలవని బంగారం, 4.698 గ్రాములు. 22 క్యారెట్ల లెక్కలోకి మారిస్తే 5.129 గ్రాములు, ఆ నాటి రేటుకు 29,700 పైచిలుకు. దీన్ని మార్కెట్టులో ఇచ్చేసి వేరే బంగారం తెచ్చుకోవడం నాకు తేలిక. కానీ ఆమె అడిగింది, "ఇదే బంగారం వాళ్ల ఉంగరాల్లో పడాలి" అని. పాత టంకం అలాగే ఉంటే కొత్త ఉంగరం పెళుసు బారుతుంది కాబట్టి విడిగా ఆమ్లంలో శుద్ధి చేయించి తెచ్చాను. అమ్మాయి ఉంగరం 4.1 గ్రాముల్లో ఉన్న 3.075 గ్రాముల మేలిమి మొత్తం నాయనమ్మదే. మిగిలింది మనవడి దాంట్లో పడింది.

ఇంకా కావాల్సింది 5.34 గ్రాముల మేలిమి. రేటు తగ్గుతుందేమో మార్చిదాకా ఆగుదామంది తల్లి. నేను జోస్యం చెప్పలేదు. చెప్పిందల్లా ఇది: మీరు ఈ రోజు బంగారం డబ్బు మొత్తం కడితే ఈ రోజే మేలిమి కొని మీ పేరున పక్కన పెడతాను, తర్వాత పెరిగినా తగ్గినా నాకూ మీకూ సంబంధం లేదు. సగం అడ్వాన్సు తీసుకుని రేటు బుక్ చేశామనే మాట నాలాంటి చిన్న పనివాడు అనకూడదు, రేటు ఎగిరితే నిలబడలేడు. కట్టారు. పెళ్లి నాటికి గ్రాము 6,600 దాటింది. ఆగి ఉంటే నాలుగు వేల ఆరు వందలకు పైనే ఎక్కువయ్యేది. తగ్గి ఉంటే నన్ను తిట్టుకునేవాళ్లు, అంతే.

ఫిబ్రవరి చివరికల్లా రెండు ఉంగరాలూ తయారు. హాల్‌మార్కింగ్ సెంటరుకు పంపాను. రెండు గ్రాముల లోపు నగలకు తప్పనిసరి కాదు గానీ ఇవి రెండూ దాని పైనే. అప్పట్లో ముద్రకు నగకు 45 రూపాయలు, పైన జీఎస్టీ. 2023 ఏప్రిల్ 1 నుంచి మూడు గుర్తులుండాలి: భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరింటి హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఇచ్చే నంబరు. ఆ ఆరూ ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టించి, ఉంగరం అనే వస్తోందా, 750 (75 పాళ్లు) అనే వస్తోందా చూడమని అమ్మాయికే చెప్పాను. సరిపోయింది.

ఇప్పుడు నా తప్పు. మూడు మిల్లీమీటర్ల పట్టీ లోపలి చుట్టు 52 మిల్లీమీటర్లు. అందులో ఒక వైపు వజ్రం, సరిగ్గా దాని ఎదురుగా హాల్‌మార్కు, ఒక పక్క పెళ్లి తేదీ, ఇంకో పక్క ఇద్దరి పొడి అక్షరాలు. ముద్దుగా ఉందని నేనే మురిసిపోయాను. ఆ అక్షరాలు చెక్కించే ముందు ఒక్కసారి వేలికి పెట్టి చూడాలి కదా? చూడలేదు. జనవరి చలిలో, ఉదయం పూట, సన్నటి సైజు రింగుతో తీసిన 12 మీదే పోయాను.

ఏప్రిల్ 4 సాయంత్రం, పన్నెండు గంటల డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఎండ మండిపోతోంది. ఉంగరం కణుపు దగ్గర ఆగింది, కొంచెం తోసింది, ఎక్కింది. బాగుంది అని చెయ్యి తిప్పి చూసుకుంది. తీయబోతే రాలేదు. సబ్బు నీళ్లు పెట్టాం, రాలేదు. లాగే కొద్దీ కణుపు వాచి వేలు ఎర్రబడుతోంది. అమ్మాయి నర్సు కాబట్టి కంగారు పడలేదు, కంగారంతా నాదే. చెయ్యి పైకెత్తి ఐదు నిమిషాలు ఉంచమన్నాను. తర్వాత నైలాను దారం కొస ఉంగరం కిందుగా అరచేతి వైపుకు దూర్చి, ఉంగరం అంచు నుంచి కణుపు దాటేదాకా వరసకు వరస ఆనుకునేలా బిగించి చుట్టాను. అరచేతి వైపు కొస పట్టుకుని విప్పుతుంటే ఒక్కో చుట్టుకూ ఉంగరం ఒక్కో మెట్టు ముందుకు జరుగుతుంది. పదహారో చుట్టో పదిహేడో చుట్టో విప్పేసరికి చేతిలోకి వచ్చింది. వేలి మీద దారం గీతలు చూసి వాళ్లమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ వేలికి కావాల్సింది పదమూడున్నర. మన సైజుల్లో ఒక్కో నంబరుకు చుట్టుకొలత సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు కావాలి. కడ్డీ మీద సాగదీస్తే పని పది నిమిషాల్లో అయిపోతుంది గానీ లోపలి రాయి వదులవుతుంది, అక్షరాలు వంకర పోతాయి. కోసి ముక్క వేయాలి. మామూలుగా రాయికి ఎదురుగా కోస్తాం, అక్కడ హాల్‌మార్కు ఉంది. కుడివైపు తేదీ, ఎడమవైపు అక్షరాలు. లెన్సు పెట్టి చూస్తే తేదీ చివరి 4కూ ముద్రకూ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ జాగా దొరికింది. రంపం బ్లేడు అక్కడే పెట్టాను. రాయి తీయకుండానే అతకాలి. వజ్రం మంటకు పగలదు గానీ గాలి తగులుతూ బాగా కాలితే పైన తెల్లగా మబ్బు పడుతుంది, అందుకని బోరిక్ పొడి ముద్ద పట్టించి, ఆ వైపు తడి గుడ్డ చుట్టి, అదే 18 క్యారెట్ల ముక్క వేసి అతికాను. బరువు పదో వంతు గ్రాము పెరిగింది. వేసిన ముక్క స్వచ్ఛతకు పూచీ నాదని బిల్లు వెనక రాసిచ్చి, ముక్కకూ పనికీ డబ్బులు తీసుకోలేదు. తీసుకునే ముఖం లేదు కూడా.

ఇప్పుడు నేను రెండుసార్లు కొలుస్తున్నాను, ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం, అదీ తయారయ్యే ఉంగరం ఎంత వెడల్పో అంత వెడల్పున్న సైజు రింగుతో. ఆరు మిల్లీమీటర్ల పట్టీ అయితే సన్న రింగు చూపించిన దానికన్నా అర సైజో, సైజో పెంచుతాను. అక్షరాలు ఆఖరి ట్రయలు అయ్యాకే. దీనికి కొందరు కస్టమర్లు విసుక్కుంటున్నారు.

పెళ్లిలో ఉంగరం సాఫీగా ఎక్కిందని తెలిసింది. అబ్బాయిది కూడా.

డిసెంబరులో ఇద్దరూ వచ్చారు. అబ్బాయి ఉంగరం ఆదివారాల ఉంగరం కాబట్టి నేనిచ్చినట్టే ఉంది. అమ్మాయిది మీదంతా గీతలు. పాలిష్ వేయమంటుందేమో అనుకున్నాను, వేస్తే ప్రతిసారీ కాస్త బంగారం పోతుంది, ముద్ర కూడా అరుగుతుంది, వద్దని చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఆమె వచ్చింది దానికి కాదు. ఆరో నెల. వేళ్లు నీరు పట్టి మళ్లీ బిగుసుకుంటోంది. "ఇంకో సైజు పెంచుతారా అంకుల్?"

పెంచనన్నాను. కాన్పయిన రెండు మూడు నెలలకు వేలు మామూలవుతుంది, అప్పుడు మళ్లీ తగ్గించమని రావాలి. రెండు కోతలు అనవసరం. లెన్సు పెట్టి లోపలి రాయి కదలడం లేదని చూసి, సబ్బు నీళ్లలో కడిగి తుడిచాను. ఆమె మెడలో సిలువ పుస్తెల గొలుసు తీసి ఇచ్చింది. కొక్కెం విప్పి, ఉంగరాన్ని పుస్తెల పక్కన గుచ్చి, కొక్కెం మళ్లీ బిగించి ఇచ్చాను.